చౌడప్ప చిన్నాయన తల ఊపిన మాట

మొన్న కమలాపురంలో షేర్ ఆటో ఎక్కీ ఎక్కకముందే వాసన కొట్టింది. పులుపూ బెల్లమూ కలిసి, అందులో కాస్త కల్లు పోసినట్టుండే ఆ వాసన మాగిన వెలగపండుది. ఇంకో దానికి రాదు. డ్రైవరు వెనకాల కూర్చున్న ముసలమ్మ కాళ్ళ దగ్గర గోనెసంచి ఉంది. నా పక్కనున్న కాలేజీ పిల్ల చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని, సంచిలో ఏదో చచ్చిపడి ఉన్నట్టు అటు చూడడమే మానేసింది. నేను ముసలమ్మను అడిగి ఒక కాయ తీసుకున్నాను. అలవాటు కొద్దీ చెవి దగ్గర పెట్టుకుని వేలి గణుపుతో కొట్టి విన్నాను. కాయ మంచిదే. ఇలా కొట్టి వినడం నాకు మా పక్కింటి చౌడప్ప చిన్నాయన దగ్గర వచ్చింది. ఆయనకు చెవులు పోయిన సంగతి మా వీధికి తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. తెలిస్తే తన మగ్గానికి ఏమవుతుందోనని ఆయన భయపడ్డాడు. ఆ భయం కంటే పెద్ద సంగతి ఒకటి వచ్చి మీద పడ్డాక, తనే బయటపెట్టుకున్నాడు. ఆయనను చూడని వాళ్ళ కోసం ఆ సంగతి రాస్తున్నాను.

మాది నేతగాళ్ళ వీధి. కమలాపురం దాటాక వచ్చే ఊరు. నేను ఆ వీధికి కోడలిగా వచ్చినదాన్ని; పుట్టింది కర్నూలు జిల్లాలో ఆలూరు పక్క పల్లె. మా నాన్న తన చిన్నతనంలోనే మగ్గం వదిలేసి వాన మీద ఆధారపడిన సేద్యంలోకి దిగాడు. వాన ఆయన మీద ఎన్నడూ ఆధారపడలేదు. అందుకని మా అత్తగారి లెక్కలో నేను మగ్గం మరిచిపోయిన ఇంటి పిల్లను. వచ్చిన కొత్తలో రాట్నం దగ్గర కూర్చోబెట్టి కండెలు చుట్టించేవారు. మగ్గం కింద కాళ్ళాడించే గుంటలోకి దిగనిచ్చేవారు కాదు. ఒకరోజు చౌడప్ప గోడ మీదుగా మా ఇంట్లోకి తొంగిచూసి, "ఏం వదినా, కాళ్ళూ చేతులూ బాగున్న పిల్లను రాట్నానికి కట్టేసినావే. మగ్గం ఊరికే పడి ఉండాది కదా, దింపు గుంటలోకి" అన్నాడు. మా అత్తగారు, "పడుగు తెంపితే నువ్వు అతుకుతావా?" అన్నారు. "అతుకుతా" అన్నాడు. నిజంగానే అతికాడు, చాలాసార్లు.

నేను ఆయన్ను మొదట మామా అని పిలిచేదాన్ని. భర్త వైపు పెద్దవాళ్ళను అలా పిలవడమే పద్ధతి. మామ ఎదురుగా కోడలు కూర్చోకూడదు, తిరిగి ప్రశ్న వేయకూడదు. ఆయన రెండు రోజులు చూసి, "ఇట్లయితే నీకు పని రాదు పాపా. మీ నాయన కూడా నేతోడే కదా, నన్ను చిన్నాయనా అను. అప్పుడు నాతో పోట్లాడొచ్చు" అన్నాడు. ఆ ఒక్క పిలుపు మార్చినందుకు మా అత్తగారు వారం పాటు ముఖం మాడ్చుకునే ఉన్నారు. నాకు మాత్రం అత్తవారి వీధిలో ఒక పుట్టిల్లు దొరికింది. ఆయన భార్య సుబ్బమ్మ నాకు చిన్నమ్మ అయింది. ఆమెది తక్కువ మాట, ఎక్కువ పని. మాట్లాడినా ఏదో ఒకటి పురమాయించడానికే మాట్లాడేది.

చిన్నాయన నాకు నేత నేర్పింది పక్కన కూర్చుని కాదు. తన మగ్గం మీద తను పని చేసుకుంటూ, గోడ అవతల నా మగ్గం చప్పుడు వినేవాడు. ఉన్నట్టుండి కేక వినపడేది: "పాపా, ఎడమ కాలు తొందరపడతాంది!" ఇంకో పూట, "దెబ్బ గట్టిగా ఏస్తాండావు, అది చీర, గోడ కాదు!" ఆ కేకలకు వీధంతా నవ్వేది. నాకు తల కొట్టేసినట్టయ్యేది. అయినా మర్నాటికి కాలు దారికొచ్చేది. ఏళ్ళు గడిచేకొద్దీ కేకలు తగ్గాయి. తర్వాత పూర్తిగా ఆగిపోయాయి. ఇక నా నేతలో వంక పెట్టడానికి ఏమీ లేదని అర్థం చేసుకున్నాను. ఆ ధైర్యంతోనే పట్టు చీర పడుగు అడిగి తెచ్చుకున్నాను, నేసి ఇచ్చాను. వీధికి పడుగులిచ్చి నేయించుకునే షావుకారు చీర తిప్పి చూసి బాగుందన్నాడు. నేను గోడ వైపు చూసి, ఇదంతా ఆయన చలవే అనుకున్నాను.

ఇక వెలగ సంగతి. మా ఊరి వంక గట్టున పాత వెలగ చెట్టు ఒకటుంది. చలికాలం ముదిరాక వీధిలోని వాళ్ళు దోటి పట్టుకుని వెళ్ళేవాళ్ళు. కింద ఇద్దరు గోనె పట్టుకుని నిలబడాలి. కాయ రాతి మీద పడి పెంకు చిట్లితే ఇక మాగదు, పులిసిపోతుంది. తెచ్చిన కాయలను మిద్దె మీద ఎండకు పరిచి, రోజూ పక్క మార్చి తిప్పాలి. పొద్దు వాలగానే గోనె కప్పాలి. మంచు తగిలితే పైన ఏమీ తెలియదు గానీ లోపల బూజు పడుతుంది. వెలక్కాయతో వచ్చిన చిక్కే అది. జామకాయలా రంగు చూసో, సీతాఫలంలా నొక్కి చూసో తెలుసుకునేది కాదు. మూరెడు ఎత్తు నుంచి బండ మీద వదిలితే పచ్చికాయ బంతిలా ఎగురుతుంది; అంతవరకు ఎవరికైనా తెలుస్తుంది. ఎగరకుండా చతికిలపడిన కాయల్లోనే అసలు తేడా. లోపల గుజ్జు పండి ఉందో, ఎండి పెంకుకు అంటుకుందో, బూజు పట్టిందో కొట్టి వినాల్సిందే.

ఆ వినడానికి వీధంతా చిన్నాయన ఇంటికి వచ్చేది. ఆయన అరుగు మీద కూర్చునేవాడు. పక్కనే చిన్నమ్మ రెండు గంపలు పెట్టుకుని కూర్చునేది. ఆయన కాయ చెవి దగ్గర పెట్టుకుని గణుపుతో రెండు దెబ్బలు కొట్టి, కళ్ళు సగం మూసి, కచేరీ వింటున్న మనిషిలా తల ఆడించి, ఏమీ అనకుండా చిన్నమ్మ చేతికి ఇచ్చేవాడు. ఆమె దాన్ని ఒక గంపలోనో రెండో గంపలోనో వేసేది. తినేవి ఒక దాంట్లో, పారేసేవి ఇంకో దాంట్లో. తప్పు పోయిందన్న మాట నేను వినలేదు. మంచి కాయ పగలగొట్టి, గోధుమరంగు గుజ్జులో బెల్లం కలిపి పిల్లలకు పెట్టేవాళ్ళం. చూడడానికి అది కుళ్ళినట్టే ఉంటుంది, తిన్నవాడికే తెలుస్తుంది దాని సంగతి. చిన్నాయనకు బెల్లం పడదు. ఉప్పూ కారం చల్లుకుని తిని, మీరంతా పండును పాడుచేస్తున్నారని మమ్మల్నే తిట్టేవాడు.

అప్పటికే ఆయనకు చెవులు పోయాయి. ఒక్కరోజులో కాదు, మెల్లమెల్లగా. చిన్నమ్మకు ఒక్కదానికే తెలుసు. దాచడానికి కారణం కూడా వీధిలోనే ఉంది. ఎదురింటి ముసలాయనకు చూపు మందగించిందని తెలిసిన మరునెలే షావుకారు ఆయనకు పట్టు పడుగు ఇవ్వడం ఆపేశాడు. తువ్వాళ్ళు నేసుకొమ్మన్నాడు. చెవికీ నేతకూ ఏం సంబంధం అని అడగొచ్చు. పెద్ద సంబంధం లేదు. కానీ ఒక అవయవం పోయిందని తెలిస్తే మనిషే పోయాడని లెక్క వేసేవాళ్ళకు ఆ మాట ఎవరు చెబుతారు? జీవితమంతా పట్టు చీరలు నేసిన చేతులు ఆయనవి. అందుకే ఎవరు పలకరించినా నవ్వి తల ఊపేవాడు. వాళ్ళు ఇంకా మాట్లాడబోతే నోట్లో ఆకూ వక్కా ఉన్నట్టు సైగ చేసి తప్పించుకునేవాడు. ఆయనకు గర్వం పెరిగిందని కొందరు అనుకున్నారు.

చిన్నమ్మ ఒక పుష్యమాసంలో పోయింది. రొమ్ము పడిశం పట్టి వదలలేదు. ఆ ఉదయం నేను ఆమె తల దగ్గర కూర్చుని చెంచాతో నీళ్ళు పోస్తున్నాను. మా అత్తగారు కాళ్ళు రుద్దుతున్నారు. చిన్నాయన మంచం పట్టె మీద కూర్చున్నాడు. ఉన్నట్టుండి చిన్నమ్మ కళ్ళు తెరిచి ఆయన వైపు తిరిగి, పెదవులు సరిగా కదలకుండానే ఒక మాట అన్నది. జ్వరంలో ఉన్న మనిషి, ఆయనకు వినపడదన్న సంగతి కూడా ఆమెకు గుర్తుండి ఉండదు. ఆయన ముందుకు వంగి, ఆమె ముఖం చూసి, గట్టిగా తల ఊపాడు. ఒకసారి కాదు, రెండుమూడుసార్లు. ఆమె కళ్ళు మూసుకుంది. మధ్యాహ్నానికి అంతా అయిపోయింది. ఆమె అన్న మాట నాకూ వినపడింది, మా అత్తగారికీ వినపడింది. అందులో గొప్ప సంగతి ఏమీ లేదు కాబట్టి, ఆ హడావుడిలో ఎవరమూ దాన్ని పట్టించుకోలేదు.

తర్వాత చిన్నాయన మారాడు. వీధి అంతా కళ్ళారా చూసిన మార్పు అది. చిన్నప్పటి నుంచీ నమిలే ఆకు వక్క, కర్మకాండలు కాగానే మానేశాడు. సంచితో సహా తీసి పొయ్యిలో వేశాడు. పెరటి గోడ దగ్గర తగాదాపడి మాటలు లేని తమ్ముడి ఇంటికి తనే నడిచి వెళ్ళి, గడపలో నిలబడి, "అన్నం పెట్టమను మీ ఇంటామెను" అన్నాడు. తమ్ముడు నోరు తెరుచుకుని చూశాడట. ముక్కోపి అని పేరున్న మనిషి కొడుకును గద్దించడం మానేశాడు. మంగళవారం మంగళవారం అమ్మవారి గుడికి వెళ్ళడం మొదలుపెట్టాడు. చిన్నమ్మ ఉన్నన్నాళ్ళూ ఆమె ఎంత లాగినా ఆ మెట్లు ఎక్కనివాడు. వెలక్కాయలు తెస్తే మాత్రం చూడనన్నాడు. ఆమె లేకుండా తాను ఆ అరుగు మీద కూర్చోనన్నాడు. పెళ్ళాం పోయాక మనిషి ఎంత మెత్తబడ్డాడో చూడండని ఆడవాళ్ళం మా మొగుళ్ళకు ఆయన్ను చూపించి దెప్పేవాళ్ళం.

ఇలా కొన్నేళ్ళు నడిచింది. ఒకరోజు పొద్దున్నే, వీధిలో మగ్గాలన్నీ ఆడుతున్న వేళ, ఆయన మా ఇంట్లోకి వచ్చాడు. నా మగ్గం పక్కన నేల మీద కూర్చున్నాడు. నేను పేక పోగు మోసే నాడెను ఆపాను. పడుగు వైపు చూస్తూ, తల ఎత్తకుండానే చెప్పాడు.

"నాకు చెవులు వినపడవు పాపా. శానా ఏండ్లాయె."

 నేను తెలివితక్కువగా, "మరి నా మగ్గం?" అన్నాను. పెదవులు చూసి అర్థం చేసుకున్నట్టున్నాడు. చిన్నగా నవ్వాడు.

"నీ మగ్గం చప్పుడు ఇనేది యాడ పాపా, ఎప్పుడో మర్చిపోతి. బాగా నేస్తాండావనే అనుకున్యా."

"మరి ఎలక్కాయలు?" అన్నాను, చేత్తో గణుపు దెబ్బ చూపిస్తూ.

"కొట్టేది నేను. ఇనేది మీ చిన్నమ్మ. ఆ రెండు గంపలూ ఆమెవే."

తర్వాత అసలు మాటకు వచ్చాడు. గొంతు తగ్గించానని అనుకుంటున్నాడు గానీ, వినపడని మనిషి గొంతు ఎంత తగ్గుతుంది? "ఆ పొద్దు మీ చిన్నమ్మ నా పక్క జూసి ఏందో చెప్పె. నేను తల ఊపితి. పోయే మనిషికి మాట ఇచ్చినట్టే కదా అది. ఏం మాట ఇచ్చినానో నాకే తెల్దు. ఆకు వక్క మానమనిందేమోనని మానితి. తమ్మునితో కలవమనిందేమోనని పోతి. పిల్లోన్ని తిట్టొద్దనిందేమో, గుడికి పొమ్మనిందేమో, అన్నీ చేస్తి. అయినా రాత్రి పండుకుంటే, ఇవేవీ కాదేమో, ఇంగోటేమో అని గుండె కొట్టుకుంటాది. నువ్వు తలకాడ్నే ఉంటివి. ఏం చెప్పె పాపా?"

నేను చెప్పాను. ఆయనకు అందలేదు. మళ్ళీ చెప్పాను. చెవి ముందుకు పెట్టి, "గట్టిగా" అన్నాడు. గట్టిగా చెబితే గోడలు దాటుతుంది. గోడలు దాటితే సాయంత్రానికి షావుకారు దగ్గరికి చేరుతుంది. వీధి వైపు చెయ్యి చూపించి, వద్దన్నట్టు తల ఆడించాను. పలక తెచ్చి రాసి చూపిద్దామంటే ఆయనకు అక్షరాలు రావు. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "ఎవురన్నా ఇననీ. పట్టు పడుగు పోతే పోనీ. నువ్వు చెప్పు" అన్నాడు.

నేను గుంటలోంచి లేచి, ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, ఉన్న గొంతంతా పెట్టి అరిచాను.

"మిద్దె మింద కాయలకు గోనె కప్పమనె, చిన్నాయనా! మంచు పడతాది, గోనె కప్పు అనె!"

అవతల గోడ పక్క మగ్గం ఆగింది. తర్వాత ఎదురిల్లు. ఒకదాని వెనక ఒకటి వీధి పొడుగునా ఆగిపోయాయి. మగ్గాలకు సెలవుండే అమావాస్యకు తప్ప ఆ వీధిలో అంత నిశ్శబ్దం నేను ఎరగను.

ఆయన ముఖం చూశాను. ముందు నమ్మలేదు. "గోనెనా?" అన్నాడు. తల ఊపాను. "కాయలకా?" మళ్ళీ ఊపాను. నవ్వుతాడనుకున్నాను. ఆయన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, దిగులుగా, పసివాడిలా నా వైపు చూశాడు.

"కప్పలేదే పాపా" అన్నాడు.

నాకు ఏడుపు ఆగలేదు. ఆ ఏడు కాయలు మిద్దె మీద అలాగే ఉండిపోయాయి. దినాలు అయ్యాక ఆయన కొడుకు చూస్తే అన్నింటిలోనూ బూజు పట్టి ఉంటే వంకలో పారబోశాడు. ఆ మాట ఆయనకు చెప్పలేదు. ఎవరూ కప్పలేదని మాత్రం అరిచి చెప్పాను. ఆయన పైపంచెతో ముఖం తుడుచుకుని, లేచి వెళ్ళి తన మగ్గం గుంటలో దిగాడు. కాసేపటికి ఆయన నాడె ఆడడం వినపడింది. మిగతా వీధి దాని తర్వాతే కదిలింది.

అనుకున్నట్టే జరిగింది. మగ్గం మీద ఉన్న చీర పూర్తికాగానే షావుకారు పట్టు ఆపేసి నూలు పంపాడు. చిన్నాయన ఒక్క మాట అనకుండా పోయేదాకా తువ్వాళ్ళు నేశాడు. వాటి అంచు కూడా పట్టు చీర అంచులాగే తీర్చేవాడు, ఎవరడిగారో తెలియదు. ఆయనతో మాట్లాడాల్సినవాళ్ళు ఇప్పుడు ఎదురుగా వచ్చి నిలబడి, ముఖం చూపిస్తూ మాట్లాడేవాళ్ళు. గర్వమన్న మాట ఆగిపోయింది. ఆకు వక్క మాత్రం మర్నాడే మళ్ళీ నోట్లో పడింది. తమ్ముడి ఇంటికి పోవడం ఆపలేదు, గుడీ ఆపలేదు.

నేను అరిచి చెప్పిన రోజు సాయంత్రం మా ఇంట్లో ఇదే మాట నడిచింది. పాపం, ఆమె అడగనివన్నీ చేసి, అడిగింది ఒక్కటీ చేయలేకపోయాడే అని నేను అన్నాను. మా అత్తగారు బియ్యం ఏరుతున్నారు. చేట పక్కన పెట్టి నా వైపు చూశారు. చిన్నాయన మీద ఆమెకు ఎప్పుడూ పెద్ద మోజు లేదు.

"అడగకేం మే?" అన్నారు. "ఆకు వక్క మానమని అడగలేదా? తమ్మునితో మాట్లాడమని అడగలేదా? కొడుకును కొట్టొద్దని ఎన్నిసార్లు కాళ్ళు పట్టుకోలేదు? కాపరానికొచ్చినకాడ్నుంచి అవే అడిగె. లేకుంటే ఆయప్పకు అవే ఎట్ల తోస్తాయి? చెవులు బాగున్నప్పుడు ఇన్నాడు కాబట్టే తోచినాయి."

ఆ తర్వాత ఆమె చేట తీసుకుని రాళ్ళు ఏరుకుంటూ పోయారు. నాకు మాత్రం ఆ మాట ఇన్నేళ్ళయినా అరగలేదు. నాకు చెవులు బాగానే వినపడతాయి. ఈమధ్య పట్టు పోగులు రెండు ఒకటిగా కనపడుతున్నాయి. కళ్ళు చూపించుకొమ్మని మా ఆయన కిందటేడు నుంచీ అడుగుతూనే ఉన్నాడు. నాడె ఆపకుండానే తల ఊపుతూ వచ్చాను. చూపు తగ్గిందని బయటపడితే ఏమవుతుందో మా వీధిలో ఎవరూ చెప్పక్కర్లేదు. ఆటోలో ఆ కాయ ఒళ్ళో పెట్టుకుని ఇల్లు చేరేదాకా అదే ఆలోచన. వచ్చే అమావాస్యకు మగ్గం ఎలాగూ ఆగుతుంది, ఆ రోజు కడపకు కళ్ళ డాక్టరు దగ్గరికి పోదామా అని ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ నేనే అడిగాను. ఆయన తల ఊపాడు. నోటితో చెప్పమన్నాను.